మడిలో ఐసుబీరువా

మొన్న ఆదివారం మా కోడలు ఫ్రిజ్జు ముందు చతికిలబడి, పై అరలో పేరుకుపోయిన మంచుని కూరల కత్తితో టకటకా పొడుస్తూంటే, వసారాలో పేపరు చూసుకుంటున్న నేను డెబ్బై దాటిన మోకాళ్ళ సంగతి మరిచిపోయి ఒక్క ఉదుటున లేచి వెళ్ళి ఆ కత్తి లాగేసుకున్నాను. పాపం, ఆ పిల్ల హడలిపోయింది. ముందు స్విచ్చి తీసెయ్యి, తలుపు బార్లా తెరువు, గిన్నెడు వేణ్ణీళ్ళు లోపల పెట్టి కింద పాత తువ్వాలు పరిచి నీ పని నువ్వు చూసుకో, గంటకల్లా మంచు దానంతటదే జారిపడుతుంది, దానికి నీ కత్తిపోట్లెందుకూ అని చడామడా అనేశాను. అంతటితో ఊరుకున్నానా, మంచు అంతా కరిగాక క్యాలెండరు కాగితం ఒకటి చించి తలుపు సందులో పెట్టి మూసి లాగి చూపించాను. కాగితం బిగిసి ఉంటే రబ్బరు బాగున్నట్టు, చేతికి సుళువుగా జారి వచ్చేస్తే గాలి లోపలికి పోతున్నట్టు. జారి వచ్చింది. మా కోడలు నోరు తెరుచుకుని చూసి, మీ కాలంలో ఫ్రిజ్జులెక్కడివి అత్తయ్యా, ఇవన్నీ మీకెలా తెలుసు అంది.

ఆ మాటకి నాకు ఎంత రోషం వచ్చిందో! మా కాలం అంటే వీళ్ళ ఉద్దేశంలో రాళ్ళు రుద్దుకుని నిప్పు చేసుకున్న కాలం. కరెంటు లేదు, ఒప్పుకున్నాను. కానీ యుద్ధం రోజుల్లో, దివిసీమలో, అవనిగడ్డలో మా అత్తవారింట ఐసుబీరువా ఉండేది. అది కిరసనాయిలు దీపంతో నడిచేది. ఆ దీపం వత్తి కత్తిరించి, నూనె పోసి, ఏళ్ళ తరబడి దాని బాగోగులు చూసినదాన్ని నేను. నా ఈడువాళ్ళయితే ఈ మాట నమ్ముతారు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

నాకు పదహారో ఏట పెళ్ళయింది. మా పుట్టిల్లు గుడివాడ దగ్గర పెదపారుపూడి. కాపురానికి వెళ్ళేసరికి ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మా మావయ్యగారు, ఆయన్ని కన్న మామ్మగారు, పదకొండేళ్ళ మా ఆడపడుచు. అత్తగారు అంతకు నాలుగేళ్ళ ముందే పోయారు. మావారికి బందరులో గుమాస్తా ఉద్యోగం, నెలకి రెండుసార్లు పులిగడ్డ దగ్గర బల్లకట్టు దాటి వచ్చేవారు. నన్ను బందరు తీసుకెళ్ళకుండా అవనిగడ్డలో ఎందుకు ఉంచారంటే, మా ఆడపడుచు కోసం.

ఆ పిల్లకి చక్కెర జబ్బు. ముసలాళ్ళకొచ్చే రకం కాదు, పిల్లలకొచ్చే రకం. ఆ రోజుల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలు ఏడాది తిరక్కుండానే హరీమనేవారు. ఈ పిల్ల కూడా అస్థిపంజరమై మంచం పడితే, బందరు ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మగారు ఇన్సులిన్ అనే మందు మొదలుపెట్టి బతికించారట. బతికించారు సరే, ఆ మందు పూటపూటా సూదితో ఎక్కించాలి, బతికినన్నాళ్ళూ ఎక్కించాలి. అది మద్రాసు నుంచి రావాలి, వచ్చాక చల్లగా ఉండాలి, ఎండకి ఉడికినా పాడే, గడ్డకట్టినా పాడే. నన్ను కాపురానికి పంపే ముందు వారం రోజులు బందరులో ఉంచి ఆ డాక్టరమ్మగారి దగ్గర సూది వెయ్యడం నేర్పించారు. బత్తాయిపండుకి పొడిచి పొడిచి నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో పాట పాడమనలేదు కానీ, సూది చూస్తే భయమా అని మావయ్యగారు అడిగినప్పుడే నాకు అర్థం కావలసింది!

డాక్టరమ్మగారు పిల్ల మీద ప్రేమకొద్దీ తమ పాత ఐసుబీరువాని మాకిచ్చేశారు. అది పడవ మీద వచ్చి, ఎడ్లబండి ఎక్కి, ఆరుగురు మనుషుల చేతుల మీద మా ఇంట్లోకి నడిచివచ్చిన రోజు ఊరంతా మా అరుగు మీదే ఉంది. మనిషి ఎత్తు తెల్ల బీరువా, కింద నూనె తొట్టి, అందులో దీపం, వెనక పొగగొట్టం, లోపల పై భాగాన ఐసు గూడు. కింద నిప్పు పెడితే పైన నీళ్ళు గడ్డకట్టడం ఎవరికీ మింగుడుపడలేదు. చోద్యం కాకపోతే నిప్పుతో చలి పుట్టడమేమిటే అని మామ్మగారు బుగ్గలు నొక్కుకున్నారు. మర్నాడు పొద్దున్న గిన్నెలో నీళ్ళు రాయిలా గడ్డకట్టి కనిపించేసరికి, ఆవిడే ముందు నమస్కారం పెట్టారు.

మావయ్యగారు డాక్టరమ్మగారు రాసిచ్చిన ఇంగ్లీషు నియమాలన్నీ తన గుండ్రటి అక్షరాలతో తెలుగు చేసి మైదాపిండి జిగురుతో గోడకి అంటించారు. దీపం నీలంగా మండాలి, పసుపురంగుకి తిరిగితే వత్తి కత్తిరించాలి. బీరువా మట్టంగా నిలబడాలి. రోజుకి రెండుసార్లకి మించి తెరవరాదు. వేడిది పెట్టరాదు, తడిది పెట్టరాదు. ఐసు గూటికి చిటికెనవేలు మందాన మంచు పడితే దీపం ఆర్పి కరిగించి పొడిగుడ్డతో తుడవాలి. ఏ పరిస్థితుల్లోనూ ఇనుప వస్తువుతో గీకరాదు. ఈ ఆఖరిదాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశారు. బడిలోనూ అంతే, ఆయన ఎర్రగీత గీశారంటే పిల్లలకి చెమటలు పట్టేవట. మనిషి చెడ్డవారు కాదు, ముక్కు మీద కోపం, మనసు వెన్న.

మొదటి ఆరునెలలూ ఏ బాధా లేదు. తెల్లారగానే మావయ్యగారు స్నానం చేసి సంధ్యావందనానికి కూచునే వేళకి నేను గాజు సిరంజి మరగబెట్టుకుని, సీసా తీసి, పిల్లకి సూది వేసేదాన్ని. ఆ పిల్ల ఏడవను కూడా ఏడ్చేది కాదు, దానికి నోరెక్కువ. నేనేమైనా ఆవకాయనా వదినా, ఇంత పెద్ద బీరువా పెట్టి నన్ను నిలవ చేస్తున్నారూ అనేది. నాకు నవ్వాగేది కాదు. అత్తవారింట్లో నాకు దొరికిన మొదటి స్నేహితురాలు అదే. బెల్లం డబ్బా ఎక్కడ దాచినా కనిపెట్టేది, నేను దొంగతనం పట్టుకుంటే నాన్నకి చెప్పకు వదినా అని గడ్డం పట్టుకునేది.

మావారికి చదువుంది కానీ ఎక్కడ ఏది చెప్పకూడదో తెలీదు. మాఘమాసంలో ఒకసారి వచ్చి, మామ్మగారు తీరిగ్గా వత్తులు చేసుకుంటుంటే పక్కన కూచుని, ఈ మందు కనిపెట్టడం ఎంత గొప్పో వివరిస్తూ, ఇది కబేళాల్లో పశువుల కడుపులోంచి తీసిన గ్రంథితో చేస్తారు మామ్మా అని నోరు జారారు. ఆయన జారిపోయి బందరు వెళ్ళిపోయారు, మిగిలింది మేం.

మామ్మగారి మడి అవనిగడ్డలో అందరికీ తెలుసు. నూతి దగ్గర స్నానం చేసి తడిచీర ఆరవేసుకుని మడిబట్ట కట్టుకుంటే, పూజ, వంట, భోజనం అయ్యేదాకా సొంత మనవరాలు ఎదురొచ్చినా పక్కకి తప్పుకునేవారు. ఉల్లిపాయ గుమ్మం దాటి రాని ఇల్లు అది. అలాంటి ఇంట్లో, దేవుడి గదికి పది అడుగుల దూరంలో, ఆ మందు! ఆ రోజంతా ఆవిడ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నేను వణికిపోయాను, బీరువా బయటికి పోతుందేమో, పిల్ల గతేమిటని. సాయంత్రం ఆవిడే నన్ను పిలిచి, పిల్ల బతకాలే అమ్మాయ్, మందు మందే, మడి మడే అన్నారు. లేచి భోజనానికి వచ్చారు. నేను ఆవిడ పెద్దమనసుకి లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ తన మడికి తను ఏం దారి చూసుకున్నారో అప్పుడు నాకు తెలీదు.

ఫాల్గుణం వచ్చేసరికి ఐసు గూటికి మంచు విపరీతంగా పట్టడం మొదలైంది. మామూలుగా పదిహేను రోజులకి పట్టేది నాలుగు రోజులకే వేలు మందాన పట్టేసేది. చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలు మీ బీరువా బాగా పండింది వదినగారూ అని మెచ్చుకునేవారు. నాకూ మొదట్లో గొప్పగానే ఉండేది, మంచు ఎక్కువైతే చలువ ఎక్కువే కదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మంచు మందమైన కొద్దీ ఐసు గూటి చలువ కిందికి దిగదు, దుప్పటి కప్పుకున్నట్టు తనలో తనే ముడుచుకుంటుంది. కింద అరలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలేది.

ఇంక వెతుకులాట మొదలైంది. మావయ్యగారు పరీక్ష పేపర్లు దిద్దే కాగితం ఒకటి తెచ్చి తలుపు సందులో పెట్టి లాగారు. పైన బిగిసింది, కింది మూల జారిపోయింది. నేల మట్టినేల కదా, బీరువా ఒక పక్కకి ఒరిగింది. పళ్ళెంలో నీళ్ళు పోసి మట్టం చూసుకుంటూ కాలి కింద చెక్కముక్కలు దోపాం. రబ్బరుని వేణ్ణీళ్ళతో తుడిస్తే మెత్తబడి అతుక్కుంది. దీపం విప్పి మసి తుడిచాను. ఐసుముక్కల కోసం వచ్చే ఇరుగుపొరుగుని మొహమాటం చంపుకుని వెనక్కి పంపేశాను. దానితో ఊళ్ళో నాకు టెక్కులాడినన్న పేరొచ్చింది. రాబోయే సూదుల లెక్కకన్నా నాకు ఆ పేరు ఎక్కువేం కాదు. ఇంత చేసినా మంచు మటుకు తగ్గలేదు. నాలుగు రోజులకొకసారి దీపం ఆర్పి కరిగించాలంటే ఆ పూటంతా మందు బయట ఉండాలి, పైగా ఎండలు ముదురుతున్నాయి.

అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. కింది అర వెచ్చగా ఉందని, కొత్తగా వచ్చిన నాలుగు సీసాలనీ పైకి, ఐసు గూటిని ఆనించి పెట్టాను. చల్లగా ఉంటాయి కదా అని. వాడకంలో ఉన్న సీసా, దాని తోడు సీసా మటుకు చేతికి అందుబాటుగా కింద ఉంచాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు.

రోజూ తెల్లారుజామున నేను వీధి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టి వచ్చేసరికి అరగంట పట్టేది. వైశాఖంలో ఒకనాడు పొద్దున్నే నాలుగు చినుకులు పడి ఆ పని తప్పింది. చీపురు మూలన పెట్టి లోపలికొచ్చాను. బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. దాని ముందు మామ్మగారు, వంటిమీద నీళ్ళోడుతున్న తడిచీర, ఎడమచేతిలో రాగిచెంబు. తులసిదళాలతో నీళ్ళు తీసి బీరువా లోపల అరఅరకీ చల్లుతున్నారు. పెదాలు నామాలు చదువుతున్నాయి. చెంబు కింద పెట్టి తడిగుడ్డతో లోపలంతా, ఐసు గూటితో సహా, శ్రద్ధగా తుడిచారు. నామాలు పూర్తయ్యేదాకా తలుపు తెరిచే ఉంది. మబ్బు పట్టిన దివిసీమ గాలి, సముద్రం తేమంతా మోసుకుంటూ, బీరువాలోకి పోతోంది.

మాఘం నుంచీ ఇది రోజూ జరుగుతోందన్నమాట. మందు తియ్యమనలేదు ఆవిడ, బీరువా వద్దనలేదు, పిల్లకోసం అదంతా ఇంట్లో ఉంచుకుని, దాన్ని రోజూ శుద్ధి చేసి మడిలో కలుపుకుంటున్నారు. ఆవిడ చల్లిన ప్రతి చుక్కా మంచైంది. ఆవిడ తలుపు మూసి తిరిగేసరికి గుమ్మంలో నేను కనిపించాను. ఆవిడ తప్పుకుని దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు.

తలుపు తెరిచాను. పైన పెట్టిన నాలుగు సీసాలూ మంచులో మెడదాకా కూరుకుపోయి ఉన్నాయి. లాగితే రావే! వంటింట్లోకి పరిగెత్తి అట్లకాడ తెచ్చి మంచులోకి ఒక్క పోటు పొడిచాను. అది జారి ఐసు గూటి గోడకి ఖంగున తగిలింది. అప్పుడు కనిపించాయి గోడ మీది ఎర్రగీతలు. ఆ గోడకి బెజ్జం పడితే లోపలున్న ఘాటు వాయువు బయటికొచ్చి బీరువా చచ్చి ఊరుకుంటుందని, మనుషుల కళ్ళూ మండిపోతాయని డాక్టరమ్మగారు నాకు వేలెత్తి మరీ చెప్పారు. అట్లకాడ అక్కడే పడేసి, దీపం ఆర్పి, వేణ్ణీళ్ళ గిన్నె లోపల పెట్టి, నేల మీద కూలబడ్డాను. గంట తరవాత సీసాలు చేతికొచ్చాయి. వెలుగులో పట్టుకుని చూస్తే, తేటగా ఉండవలసిన మందులో విరిగిన మజ్జిగలా పలుకులు తేలుతున్నాయి. నాలుగింటికి నాలుగూ అంతే.

కింద ఉన్న రెండు సీసాలూ బాగున్నాయి. పొదుపుగా వాడితే ఇరవై రోజులకి వస్తాయి. యుద్ధం మూలంగా మద్రాసులోనే మందు దొరకడం గగనంగా ఉన్న కాలం. ఇరవై రోజుల్లో కొత్తది రాకపోతే ఆ పిల్ల ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు, దానికి కూడా తెలుసు.

మావయ్యగారికి నేనే చెప్పాను. సీసాలు పైన పెట్టింది నేను, మంచు కరిగించకుండా అశ్రద్ధ చేశాను, తప్పు నాదే అన్నాను. మామ్మగారి ఊసు ఎత్తలేదు. నాలో ఉన్నది మంచితనం అనుకోకండి, నాకు భయం. తల్లి లేని పిల్లని రెక్కల కింద పెట్టుకుని పెంచిన మనిషితో, పిల్ల మందుని చంపింది మీ తులసినీళ్ళే అని ఏ నోటితో చెప్పను? మావయ్యగారు అంతకుముందు నన్ను ఒక్క మాట అని ఎరగరు. ఆ పూట ఆయన అన్న మాటలు నేనిప్పుడు రాయను. బిడ్డ ప్రాణం పోతుందని భయపడ్డ తండ్రి ఏమంటాడో అవే అన్నారు. ఆఖరికి, నీ చెల్లెలైతే ఇలాగే చేసేదానివా అన్నారు. దానికి మాత్రం నాకు ఏడుపాగలేదు. వంటింటి వెనక తలుపు చాటున నుంచుని వెక్కివెక్కి ఏడ్చాను.

కాసేపటికి మడిలో ఉన్న మామ్మగారు, మడిబట్టతోనే, పెరట్లోంచి నడిచి వచ్చారు. చంకన కొత్త కుండ. ఇలా రావే అని పిలిచి, కుండలో సగం దాకా తడి ఇసక పోయించారు. మధ్యలో చిన్న ముంత దింపారు. కుండ చుట్టూ తడిగోనె చుట్టి, పడమటి గాలి తగిలే వసారా మూల పీట మీద పెట్టారు. వడగాలి ఎంత కొడితే ఇది అంత చల్లగా ఉంటుంది, నా తమలపాకులు వారం రోజులు నిగనిగలాడుతూ ఎలా ఉంటాయనుకున్నావు, ఇది గడ్డా కట్టదు, ఉడకా ఉడకదు, మందు ఇందులో పెట్టు అన్నారు. నేను రెండు సీసాలూ తెచ్చి ముంతలో దింపాను. అప్పుడు కొడుకుని పిలిచారు. ఆ మాటలు మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"తిట్టవలసింది దాన్ని కాదురా, నన్ను. నీళ్ళు చల్లింది నేను. అదేమో చూసి కూడా చెప్పలేదు."

మావయ్యగారు నిలువునా నీరైపోయారు. నా వంక చూడలేకపోయారు. ఆ సాయంత్రం గోడమీది కాగితంలో తడిది పెట్టరాదన్న దాని కింద ఒక వాక్యం చేర్చారు, కోడలిని విచారించకుండా కోప్పడరాదని. ఎర్రసిరాతోనే రాశారు, రెండు గీతలు కూడా గీశారు. మా ఆడపడుచు అది చదివి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, ముక్కు తుడుచుకుంటూ.

మావారికి కబురు పెట్టాం, ఆయన డాక్టరమ్మగారి ఉత్తరం పట్టుకుని మద్రాసు రైలెక్కారు. ఆయన వచ్చేదాకా కుండ పెత్తనం మామ్మగారిదే. గంటకోసారి గోనె తడపడం, పిల్లకి గంజీ కూరలూ కొలిచి పెట్టడం, బెల్లం డబ్బాకి కాపలా. సూదిమందు కొంచెం కొంచెంగా తగ్గించి వేస్తున్నాను, పిల్ల మధ్యాహ్నానికల్లా వాడిపోయేది, దాహం దాహం అనేది. నేను ఎదురుగా కూచుంటే, ఏడవకు వదినా, నువ్వు ఏడిస్తే ఆ తేమకి బీరువా మళ్ళీ మంచు పడుతుంది అనేది! పదహారో రోజు పొద్దున్న మావారు ఊక పోసిన ఐసుపెట్టె నెత్తిన పెట్టుకుని, నాలుగు రోజుల గడ్డంతో గుమ్మంలోకి వచ్చారు. పెట్టెలో ఎనిమిది సీసాలున్నాయి. మావయ్యగారు అరుగు మీదే కూలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పటినుంచి వాడకంలో ఉన్న సీసా కుండలోనే ఉండేది, తులసినీళ్ళు ఆ కుండ మీదే చల్లేవారు మామ్మగారు, బీరువాని ముట్టలేదు. నాలుగు రోజుల మంచు మళ్ళీ పదిహేను రోజులకి వెళ్ళింది. కథ ఇంతటితో అయితే నేను మీకు చెప్పేదాన్ని కాదు.

మరుసటి ఏడు నేను పురిటికి పెదపారుపూడి వెళ్ళాలి. మూడు నెలలు సూది ఎవరు వేస్తారు? మావయ్యగారికి నేర్పబోయాను. పరీక్ష పేపర్లని అడ్డంగా కోసే ఆ చెయ్యి, కూతురి భుజం దగ్గరికొచ్చేసరికి చిగురుటాకులా వణికింది. రెండుసార్లు సూది వంకరపోయింది. నా వల్ల కాదమ్మా అని లేచిపోయారు. నేను ప్రయాణం మానేద్దామనుకుంటున్నాను. అప్పుడు మామ్మగారు ఎవరూ అడక్కుండా వచ్చి పీట వాల్చుకుని నా ఎదుట కూచున్నారు. బత్తాయి ఏదీ, ఇలా తే అన్నారు.

డెబ్బై ఏళ్ళ మనిషి. మూడు రోజుల్లో నేర్చుకున్నారు. నాలుగో రోజు పిల్లకి తనే వేశారు, దానికి నొప్పే తెలీలేదట, నీకన్నా మామ్మ నయం వదినా అని నన్ను దెప్పింది. పశువు గ్రంథిలోంచి తీసిన ఆ మందుని ఆ వేళ్ళతో ముట్టుకుని, సిరంజి కడిగి పెట్టి, పిల్ల తల నిమిరి, మారుమాట లేకుండా నూతి దగ్గరికి నడిచి నెత్తిన నాలుగు చేదల నీళ్ళు గుమ్మరించుకునేవారు. ఆ తరవాతే పూజ. సాయంత్రం సూదికి మళ్ళీ అంతే, మళ్ళీ నూతి దగ్గరికి. నేను మూడు నెలలకి పసిపిల్లాణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చాక, ఇంక నేను వేస్తానండీ అంటే, నీకు చంటిపిల్లాడున్నాడు, నాకేం పని అన్నారు. తరవాత ఆరేళ్ళు బతికారు ఆవిడ. ఆ ఆరేళ్ళూ, ఎముకలు కొరికే పుష్యమాసం చలిలో కూడా, రెండు పూటలా సూది వేశారు, రెండు పూటలా అదనంగా తలారా నీళ్ళు పోసుకున్నారు. ఒంట్లో బాగోలేనప్పుడు మావయ్యగారు బతిమాలేవారు, ఆపద్ధర్మం కదమ్మా, ఈ ఒక్కపూటకి స్నానం మాను అని. మానలేదు. పోనీ సూది నేను వేస్తానని నేనంటే, అదీ మానలేదు.

మా ఆడపడుచు గుడివాడలో పంతులమ్మగా చేసి రిటైరైంది, అరవై ఆరేళ్ళు నిండాయి, ఇప్పటికీ తన సూది తనే వేసుకుంటుంది, ఇప్పటికీ నోరెక్కువే. ఇప్పటి ఫ్రిజ్జుల్లో మంచు పట్టనే పట్టనివి కూడా వచ్చాయట, వత్తి లేదు, మట్టం చూసుకోనక్కర్లేదు. మందు కూడా పశువులతో పని లేకుండా చేస్తున్నారట. మడి సంగతంటారా, మా ఇంట్లో దాని పేరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, నేనూ ఏనాడో వదిలేశాను. సుఖంగానే ఉంది, అబద్ధం ఎందుకాడాలి. పాత రోజులే మంచివని నేననను, ఆ రోజుల్లో మా పిల్లలాంటి పిల్లలు ఎందరు పోయారో నాకు తెలుసు. కానీ ఇప్పుడు రెండు ఒకదానికొకటి అడ్డమొస్తే మనం ఏదో ఒకటి వదిలేసి తేలిగ్గా నడిచిపోతున్నాం, అందులో నేనూ ఉన్నాను. మా మామ్మగారు దేవుణ్ణీ వదల్లేదు, పిల్లనీ వదల్లేదు. రెండోసారి స్నానం చేశారు, అంతే.